క్రెటానా, సెల్టోసా? కొనకముందు వేసుకోవలసిన లెక్క

గృహనిర్వాహకత్వం శీర్షిక



గోదావరిఖని నుండి ఒక సహోదరుడు రాసిన ఉత్తరం ఈ నెల మన ముందున్నది. ఆయన ఓపెన్‌కాస్టు గనిలో డంపరు ఆపరేటరు. వయస్సు 59 సంవత్సరాలు. భార్య, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న కుమారుడు, డిగ్రీ చదువుతున్న కుమార్తె, మోకాళ్ల నొప్పులతో ఉన్న తల్లి ఆయన కుటుంబం. ఉత్తరంలోని ముఖ్యమైన మాటలు ఇవి:

"అయ్యగారూ, ఈసారి లాభాల వాటా రాంగనే కారు తీసుకుందామనుకుంటున్నం. హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్, ఈ రెండింటి కాడికి వచ్చి ఆగినం. నాకు క్రెటా మీద మనసున్నది. కొడుకు సెల్టోస్ అంటున్నడు. ఏది తీసుకున్నా పెద్ద మోడలే తీసుకోవాలని ఇద్దరికీ ఉన్నది. అన్నీ కలిపి 22 లక్షలు అయితయంటున్నరు. వాటా, చిట్టీ కలిపి చేతిల 7 లక్షలుంటయి. మిగతా 15 లక్షలు కొడుకు కూడా సంతకం పెడితే 7 ఏళ్లకు లోను ఇస్తమన్నరు. ఇంటామె మాత్రం రెండూ వద్దంటున్నది. ఈ రెండింట్ల ఏది మంచిదో మీరే చెప్పాలె."

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. దసరా ముందు వాటా, దీపావళి ముందు బోనస్ వచ్చే రోజుల్లో రామగుండం నుండి మందమర్రి వరకు, భూపాలపల్లి నుండి కొత్తగూడెం వరకు ఎన్నో కార్మిక కుటుంబాలలో ఇదే చర్చ. కారు కొనడం తప్పని మనం చెప్పము. ఎండలో, వానలో ఇంటిల్లిపాదిని క్షేమంగా తీసుకుపోయే వాహనం దేవుడిచ్చిన మేలే. అయితే గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం (లూకా 14) మనకు తెలుసు. కాబట్టి సహోదరుడు అడిగినట్టు బండ్ల సంగతి చూద్దాం. ఆ తరువాత ఇంటామె మాట వైపు కూడా వద్దాం.

ఇవి అన్నదమ్ముల బిడ్డలు

క్రెటాను తయారు చేసే హ్యుందాయ్ కర్మాగారం మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరు ప్రాంతంలో ఉంది. సెల్టోస్ పుట్టినది మన తెలుగు నేల మీదనే. అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర (ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా) కియా కర్మాగారం నుండి 2019లో మొట్టమొదట బయటికి వచ్చిన బండి అది. ఈ రెండూ కొరియా కంపెనీలే. 1998లో కియా దివాళా స్థితిలో ఉన్నప్పుడు హ్యుందాయ్ దానిని కొన్నది. అందుచేత ఈ రెండు బండ్ల ఇంజన్లు ఒకే కుటుంబానివి. రెండింటిలోనూ మూడు రకాలు దొరుకుతాయి: 1.5 లీటర్ల మామూలు పెట్రోలు (సుమారు 115 గుర్రాల శక్తి), 1.5 లీటర్ల టర్బో పెట్రోలు (సుమారు 160), 1.5 లీటర్ల డీజిలు (సుమారు 116).

అంటే "ఏది బాగా లాగుతుంది?" అని తండ్రీ కొడుకులు వాదించుకోవలసిన పని లేదు. తేడా కనబడేది పేరులో కాదు, ఎంచుకున్న ఇంజనులో. ఒక బండిలో టర్బో పెట్రోలు నడిపి చూచి, మరొక బండిలో మామూలు పెట్రోలు నడిపి చూచి, మొదటిదే గొప్పదని ఇంటికి వచ్చేవారు చాలామంది. ఒకే ఇంజను, ఒకే గేరు పద్ధతి, దగ్గర దగ్గర ధర ఉన్న రెండు రకాలను ఒకే రోజున, ఒకే రోడ్డు మీద నడిపి చూస్తేనే పోలిక న్యాయంగా ఉంటుంది.

మరి తేడాలు లేవా? ఉన్నాయి. 2024 జనవరిలో రూపు మారిన క్రెటా పొడవు 4,330 మిల్లీమీటర్లు. 2026 జనవరిలో వచ్చిన కొత్త సెల్టోస్ పొడవు 4,460. అంటే జానెడులో సగం కంటే కొంచెం ఎక్కువ తేడా. వెడల్పులో కూడా సెల్టోస్ రెండు వేళ్ల మేర ఎక్కువ. దూర ప్రయాణాలకు ఆ స్థలం మేలు. క్వార్టర్ల మధ్య ఇరుకు సందులో నిలుపుకోవలసినవారికి పొట్టిదే సుఖం. ఇంటి ముందున్న స్థలాన్ని, సందు మలుపును టేపుతో కొలుచుకొని షోరూముకు వెళ్లండి. బండి కొన్న తరువాత గోడ కొట్టించిన ఇండ్లు ఉన్నాయి.

అమ్మను ఎక్కించి చూడండి

షోరూములో సాధారణంగా ముందు సీటులో తండ్రి, పక్కన కొడుకు కూర్చుని చూస్తారు. బండిలో ఎక్కువ కాలం వెనుక కూర్చునేవారు మాత్రం ఇంటి దగ్గరే ఉండిపోతారు. సహోదరుడా, మీ తల్లిగారిని తీసుకువెళ్లండి. చీర కట్టుకున్న మనిషి, మోకాళ్లు వంగని మనిషి ఎంత సులువుగా ఎక్కి దిగగలదో చూడండి. ఈ ఎత్తు బండ్లలో నిజంగా ఉన్న సుఖం ఇది: కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు, కిందికి వంగి దూరనక్కరలేదు. ముప్ఫై ఏండ్లు గనిలో పనిచేసి నడుము పట్టుకుపోయినవారికి కూడా ఇది మేలే. కానీ మరీ ఎత్తయితే పెద్దవాళ్లకు కాలెత్తడం కష్టం. దీనిని ఏ పుస్తకమూ చెప్పదు, అమ్మ మోకాలే చెప్పాలి.

వెనుక సీటులో ముగ్గురు కూర్చుంటే మధ్యవారికి తలకు ఆసరా ఉన్నదా, మూడు బిందువుల బెల్టు ఉన్నదా చూడండి. ఒకసారి చీకటి పడిన తరువాత కూడా నడిపి చూడండి. రాజీవ్ రహదారి మీద రాత్రివేళ ఎదురుగా వచ్చే లారీల వెలుతురులో మన లైట్లు ఎంత దూరం చూపుతున్నాయో తెలుస్తుంది.

ప్రాణరక్షణ ముందు, పైకప్పు అద్దం తరువాత

మీరు డంపరు ఎక్కేముందు బ్రేకు, టైరు, లైటు, హారను చూచుకోనిదే గేరు వేయరు. ఇంటి బండికి కూడా అదే వరుస పాటించండి. చాలామంది ముందుగా అడిగేది ఆకాశం కనబడే పైకప్పు అద్దం ఉన్నదా అని. తరువాత పెద్ద తెర, తరువాత చల్లగాలి వచ్చే సీట్లు. ప్రాణం కాపాడే వస్తువులు చివర వస్తాయి.

గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ బండ్లను గోడకు ఢీకొట్టించి పరీక్షించి నక్షత్రాలు ఇస్తుంది. 2020లో అప్పటి సెల్టోస్‌కు, 2022లో అప్పటి క్రెటాకు పెద్దవారి రక్షణలో అయిదింటికి మూడు నక్షత్రాలే వచ్చాయి. ఆ తరువాత రెండు కంపెనీలు అన్ని రకాలలోనూ ఆరు గాలిసంచులు పెట్టాయి, నమూనాలు కూడా మారాయి. కాబట్టి పాత నక్షత్రాలను బట్టి కొత్త బండికి తీర్పు తీర్చకూడదు. మన దేశమే 2023 అక్టోబరు 1 నుండి భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్షను ప్రారంభించింది. ఆ సంవత్సరం డిసెంబరులో టాటా హారియర్, సఫారీలకు అందులో మొదటి అయిదు నక్షత్రాలు వచ్చాయి. మీరు కొనే రోజున, కొనే ఆ నమూనాకే వచ్చిన ఫలితం ఏమిటని అడగండి. పక్కింటివారి బండికి వచ్చిన నక్షత్రాలు మీ బండికి పనిచేయవు.

ఒక సంగతి మరువకండి. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ గారు మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో చనిపోయారు. ఆయన ప్రయాణించినది విదేశీ కంపెనీకి చెందిన ఎంతో ఖరీదైన ఎత్తు బండి. ముందు సీట్లలో ఉన్న ఇద్దరు గాయాలతో బ్రతికారు. వెనుక కూర్చున్న ఇద్దరూ చనిపోయారు. వారు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అన్ని లక్షలు పోసి కొన్న బండిలో కూడా ఆ పట్టీ చేసే పని మరేదీ చేయలేదు. ఆదివారం గుడికి వెళ్లే రెండు మైళ్లకైనా సరే, వెనుకవారు కూడా బెల్టు పెట్టుకోవాలన్నది ఇంటి కట్టుబాటుగా పెట్టుకోండి.

పెద్ద మోడళ్లలో ముందున్న బండిని చూచి దానంతటదే బ్రేకు వేసే ఏర్పాటు కూడా ఇస్తున్నారు. అది కెమెరా, రాడారులతో పనిచేస్తుంది. గీతలు చెరిగిపోయిన రోడ్డు, దుమ్ము లేపుతూ పోయే బొగ్గు లారీ, అడ్డంగా నడిచే బర్రెలు ఉన్నచోట దానిని నమ్ముకొని కాలు తీసివేయకూడదు. సాయంగా ఉంటే ఉండనివ్వండి. దాని కోసమే లక్షలు పెంచనక్కరలేదు.

మన దుమ్ము, మన ఎండ

వేసవిలో రామగుండం ఎండ ఎంతటిదో చెప్పనక్కరలేదు. 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం పైకప్పు అద్దం కింద కూర్చునేది ఎవరు? ఆ అద్దం చుట్టూ నీళ్లు పోవడానికి సన్నని గొట్టాలు ఉంటాయి. బొగ్గు దుమ్ము, మట్టి చేరి అవి పూడుకుంటే వానాకాలంలో నీరు లోపలికి దిగుతుంది. మన ప్రాంతంలో దానిని తరచు శుభ్రం చేయించుకోవాలి.

ఏ బండి కొన్నా ఇంజను గాలి ఫిల్టరును, ఏసీ ఫిల్టరును కంపెనీ పుస్తకంలో రాసిన గడువుకంటే ముందే చూపించుకోండి. దుమ్ము రోడ్లకు వేరే గడువు ఉంటుందని ఆ పుస్తకంలోనే రాసి ఉంటుంది. తెల్లని సీట్లు షోరూములో అందంగా ఉంటాయి. షిఫ్టు దిగి వచ్చిన మనిషి నాలుగుసార్లు కూర్చుంటే వాటి రంగు మారుతుంది. సర్వీసు కేంద్రం మీ ఊరికి ఎంత దూరమో, అక్కడ నిజంగా రిపేరు చేస్తారా, లేక నూనె మార్చి పంపుతారా అన్నది మీ ఊళ్లో ఆ బండి ఉన్నవారిని ఇద్దరిని అడిగి తెలుసుకోండి.

పెట్రోలా, డీజిలా?

డీజిలు రకం ధర పెట్రోలు రకం కంటే సుమారు లక్షన్నర ఎక్కువ ఉంటుంది. పెట్రోలు లీటరు 107 రూపాయలు, డీజిలు 96 రూపాయలు అనుకుందాం. మన రోడ్ల మీద పెట్రోలు బండి లీటరుకు 13 కిలోమీటర్లు, డీజిలు బండి 17 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు రూ. 8.20, డీజిలు ఖర్చు రూ. 5.65. మిగిలేది సుమారు రెండున్నర రూపాయలు. అంటే ఎక్కువ పెట్టిన లక్షన్నర తిరిగి రావాలంటే బండి దాదాపు 60,000 కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరిగే ఇంటికి అది ఏడేళ్ల పైమాట.

ఇంకొక సంగతి. 2020 ఏప్రిల్ నుండి వచ్చే డీజిలు బండ్లలో పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టరు ఉంటుంది. బండి కొంత దూరం ఆగకుండా, వేడిగా నడిస్తేనే ఆ మసి లోపలే కాలిపోతుంది. ఇంటి నుండి గనికి, గని నుండి చౌరస్తాకు, చౌరస్తా నుండి గుడికి మాత్రమే తిరిగే బండిలో అది నిండిపోయి ఇబ్బంది పెడుతుంది. వారం వారం హైదరాబాదు వెళ్లి వచ్చేవారికి డీజిలు. ఊళ్లో తిరిగేవారికి మామూలు పెట్రోలు చాలు.

22 లక్షల లోపల ఏమున్నది?

షోరూము గోడ మీద రాసిన ధర ఒకటి, మనం కట్టేది ఇంకొకటి. 18 లక్షల ధర ఉన్న బండికి తెలంగాణలో లైఫ్ టాక్స్ ఒక్కటే 3 లక్షలు దాటుతుంది. బండి ధర పెరిగే కొద్దీ ఆ పన్ను శాతం కూడా పెరుగుతుంది. ఇదివరకే మీ పేరున కారు ఉంటే రెండవదానికి అదనంగా 2 శాతం పడుతుంది. 10 లక్షలు దాటిన బండికి 1 శాతం ఆదాయపు పన్ను కింద ముందే వసూలు చేస్తారు. అది రిటర్ను వేసినప్పుడు లెక్కలో కలుపుకోవచ్చు, రశీదు భద్రపరచండి. ఇన్సూరెన్సు షోరూమువారి దగ్గరే తీసుకోవాలన్న నియమం లేదు. బయట కూడా ధర అడిగి చూడండి. "హ్యాండ్లింగ్" అనో, "యాక్సెసరీలు" అనో రాసిన ప్రతి గీతకు ఇది దేనికని అడిగే హక్కు మీకున్నది.

ధరలోనే ఉన్న జీఎస్టీ సంగతి కూడా తెలుసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుండి, నాలుగు మీటర్ల లోపు పొడవు, చిన్న ఇంజను ఉన్న కార్లకు 18 శాతం. ఈ రెండు బండ్లూ నాలుగు మీటర్లు దాటినవి కాబట్టి 40 శాతం. ఆ 40 శాతం వరుసలో విలాస వస్తువులతో పాటు పాన్ మసాలా కూడా ఉన్నది. ఈ బండ్లను విలాసమని మనం అన్నా అనకపోయినా ప్రభుత్వం అలాగే లెక్క కట్టింది.

దిగిపోయే రోజు

సహోదరుడా, ఇప్పుడు ఇంటామె మాట దగ్గరికి వచ్చాము. 15 లక్షలు, 9 శాతం వడ్డీ, 7 సంవత్సరాలు అనుకుంటే నెలకు కంతు రూ. 24,134. మొత్తం కట్టేది 20 లక్షల 27 వేలు. వడ్డీయే 5 లక్షల 27 వేలు.

సింగరేణిలో 2021 నుండి పదవీ విరమణ 61 ఏండ్లకు. మీకిప్పుడు 59. అంటే 84 కంతులలో 24 మాత్రమే ఉద్యోగంలో ఉండగా కడతారు. ఆ రెండేళ్లు ఒక్క నెల తప్పకుండా కట్టినా, మీరు దిగిపోయే రోజున ఇంకా 11 లక్షల 60 వేల రూపాయల అప్పు మిగిలి ఉంటుంది. మీకు దండ వేసి, శాలువ కప్పి పంపిన మరుసటి నెల కూడా ఆ కంతు వస్తుంది.

గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి 20 లక్షలు. అది పూర్తిగా వచ్చినా అందులో సగానికి పైగా ఆ అప్పుకే పోతుంది. మన బొగ్గుగని కార్మికుల పెన్షను సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. 1998 నాటి పథకం ప్రకారం వచ్చే ఆ పెన్షను డి.ఎ.తో పాటు పెరిగేది కాదు. దిగినప్పుడు ఎంత నిర్ణయమైతే ఏళ్ల తరబడి అంతే. బియ్యం ధర, మందుల ధర పెరుగుతాయి, పెన్షను నిలిచి ఉంటుంది. అందువల్ల గని కార్మికునికి గ్రాట్యుటీ, పి.ఎఫ్. సొమ్ము బ్యాంకులో ఉన్న డబ్బు మాత్రమే కాదు. అదే ఆయన ముసలితనపు అన్నం. క్వార్టరు ఖాళీ చేసిన తరువాత తల దాచుకునే ఇల్లు అదే. కుమార్తె పెండ్లి అదే. ఇంటామె "రెండూ వద్దు" అన్నది బండి మీద కోపంతో కాదని మాకు తోస్తున్నది. ఆమె రెండేళ్ల తరువాతి నెల ఖర్చును ఇప్పుడే చూస్తున్నది.

లాభాల వాటా గురించి ఒక మాట. 2025 సెప్టెంబరులో, లాభంలో పంపిణీకి తీసిన 2,360 కోట్లలో 34 శాతం, అంటే సుమారు 802 కోట్ల రూపాయలు కార్మికులకు ప్రకటించారు. సగటున ఒక్కొక్కరికి 1 లక్షా 95 వేలు దాటింది. దీపావళికి మరొక 1 లక్షా 3 వేల బోనస్ వచ్చింది. ఇది కష్టార్జితం, దేవుని ఆశీర్వాదం. కానీ వాటా ఏటా నిర్ణయించేది. లాభం ఉంటేనే, సర్వీసులో ఉంటేనే. అది కంతులు కట్టే జీతం వంటిది కాదు. అప్పు చేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడవుతాడని సామెతల గ్రంథం (22వ అధ్యాయం) హెచ్చరించింది. ఉద్యోగం ఉన్నప్పటి దాస్యం ఒక తీరు, దిగిపోయిన తరువాతి దాస్యం ఇంకొక తీరు.

కంటికి కనబడినది

లోతు, అబ్రాహాము విడిపోయినప్పుడు (ఆదికాండము 13) లోతు కన్నులెత్తి రెండు వైపులా చూచాడు. యొర్దాను మైదానం పచ్చగా ఉన్నదని దానినే ఎంచుకున్నాడు. నీళ్లు, పచ్చిక బాగా పోల్చి చూచాడు. ఆ ఊరివారితో తన ఇంటివారు ఎలా బ్రతుకుతారో ఆ లెక్క మాత్రం వేయలేదు. రెండు వస్తువులను పోల్చి చూడటంలో ఉన్న ప్రమాదం ఇదే. రెండింటిలో ఏది అని అడుగుతూ ఉంటే, అసలు ఇది మన ఇంటికి తగునా అన్న ప్రశ్న పక్కకు పోతుంది. షోరూములో ఎవరూ దానిని అడగరు. ఇంట్లో ఒకరైనా అడిగారు, దేవునికి స్తోత్రం.

గుడిలో మీ బల్ల మీదే మీ పక్కన కాంట్రాక్టు కార్మికుడు కూర్చుంటాడు. 2025లో మీకు సగటున 1 లక్షా 95 వేలు వచ్చిన రోజున అతనికి వచ్చినది 5,500 రూపాయలు. అదే బొగ్గు, అదే దుమ్ము. ఇందుకు మీరు కారు మానుకోవాలని కాదు. కారు కొన్న తరువాత మీ ఇద్దరి మధ్య దూరం పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది మీ చేతిలో ఉన్నది. మంచి సమరయుని వాహనం ఏ జాతిదో, ఏ రంగుదో లూకా రాయలేదు. అది గాయపడినవాణ్ణి మోసినదని మాత్రం రాశాడు. అర్ధరాత్రి ఒక ఆడబిడ్డకు నొప్పులు వస్తే, కరీంనగర్ ఆసుపత్రికి ఒక ముసలాయనను తీసుకుపోవలసి వస్తే, మీ తలుపు తట్టడానికి సంఘంలో ఎవరూ వెనుకాడకుండా ఉంటే ఆ బండి దేవుని ఇంటి బండి అవుతుంది. సీటు పాడవుతుందని భయపడేంత ఖరీదైన బండిలో గాయపడినవాణ్ణి ఎక్కించుకోవడం కష్టం.

డోర్నకల్ బిషప్ అజరయ్య గారి కాలంలో మన పల్లె సంఘాల స్త్రీలు అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం దేవుని కోసం తీసిపెట్టేవారు. ఆ పిడికెళ్లతో సంఘాలు నిలిచాయి. కంతు 24 వేలు అయిన ఇంట్లో మొట్టమొదట తగ్గేది ఆ పిడికెడే. మీ నెల ఖర్చు కాగితం మీద కంతు రాయకముందే కానుక రాసిపెట్టండి.

మా జవాబు

సహోదరుడా, మీరు సూటిగా అడిగారు, సూటిగా చెబుతాము.

మొదటిది. ఈ రెండింటిలో ఏది అంటే: దూర ప్రయాణాలు ఎక్కువై, నిలుపుకోవడానికి స్థలం ఉంటే కొత్త సెల్టోస్. ఇరుకు సందు అయితే క్రెటా. అమ్మ సులువుగా ఎక్కగలిగినది, సర్వీసు దగ్గరున్నది ఏదో దానికి పెద్ద పీట వేయండి. అంతకు మించిన తేడా కోసం తండ్రీ కొడుకులు మనసు కష్టపెట్టుకోవద్దు.

రెండవది. మీ పేరున అప్పు అయితే అది 61 ఏండ్లకు ముందే తీరాలి. చేతిలో 7 లక్షలున్నవి. మరొక 6 లక్షలు రెండేళ్లకు తీసుకుంటే, అదే వడ్డీకి నెలకు సుమారు 27,400 కంతు. కష్టమే గాని దిగిపోయే రోజుకు చేతులు దులుపుకోవచ్చు. అంటే మీ హద్దు 13 లక్షలు. ఆ సొమ్ముకు ఈ రెండు బండ్లలో కింది మెట్టు దగ్గరే ఆగుతారు. అదే సొమ్ముకు నాలుగు మీటర్ల లోపు, 18 శాతం పన్ను బండ్లలో ఆరు గాలిసంచులతో మంచి రకమే దొరుకుతుంది. వాటిని కూడా ఒకసారి అమ్మతో వెళ్లి చూడండి. ఇంటామెను ముందు సీటులో కూర్చోబెట్టండి.

మూడవది. కుమారునికి పెద్ద బండే కావాలంటే అది తన పేరున, తన జీతంతో, తన కంతుతో కొననివ్వండి. మీ గ్రాట్యుటీని అందులో కలపవద్దు. రేపు అతని పెండ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు ఆ కంతును అమ్మాయి తండ్రి మీద వేయవద్దు. కట్నం కింద కారు అడగడం 1961 నుండి చట్టానికి నేరం. దేవుని ఎదుట అంతకు ముందు నుండీ నేరమే.

నాలుగవది. గ్రాట్యుటీ, పి.ఎఫ్. సొమ్మును ఏ బండికీ ముట్టుకోవద్దు.

కుటుంబ ప్రార్థనలో కలిసి మాట్లాడుకొనుటకు

1. గడిచిన సంవత్సరంలో ఇంటిల్లిపాదీ కలిసి కారులో ప్రయాణం చేయవలసి వచ్చిన రోజులు ఎన్ని? కాగితం మీద రాయండి.

2. దిగిపోయిన తరువాత మొదటి నెలలో మన ఆదాయం ఎంత, ఖర్చు ఎంత? ఇంటామె చేత రాయించండి.

3. మనం ఈ బండి ఎవరూ చూడని ఊళ్లో ఉంటే ఇదే మోడలు కొంటామా?

4. ఈ బండి వలన మన సంఘంలో ఎవరికి మేలు కలుగుతుంది?

(లూకా 14:28-30, ఆదికాండము 13:8-13, 1 తిమోతి 6:6-10 చదివి ప్రార్థించండి.)

మీ రాకపోకలను ప్రభువు కాచును గాక. ఆమేన్.